ఏడిండ్ల బిడ్డ

(మన సంఘ వార్షిక మహాసభయందు ఒక విశ్రాంతోపాధ్యాయుడు గావించిన యుపన్యాసము)



నేను ధనవంతుడను కాను. పేరుగొన్న వక్తను కాను. ముప్పదియైదు సంవత్సరములు పాఠశాలలో తెలుగు సంస్కృతములు బోధించి విశ్రాంతి గైకొన్నవాడను. ఈ సభయందు ప్రతి సంవత్సరమును విద్యార్థివేతనములనుగూర్చియు, కల్యాణమండపమునుగూర్చియు, వధూవరుల పరిచయములనుగూర్చియు పెద్దలు ముచ్చటించుట వినుచున్నాను. అవి యన్నియు వలసినవే. నేడు నేను మనవి చేయబూనినది వేఱొక విషయము. బాలసదనములలో పెరుగుచున్న బిడ్డల పోషణభారమును మనము వహించుట యెట్లు, వహించినపిదప నిలుపుకొనుట యెట్లు, అనునదియే నా విషయము. ఇందు నేనొక తప్పు చేసినవాడను. దానిని దాచక చెప్పుటకే ముఖ్యముగా నిటకు వచ్చితిని.

అనాథుడనగా నాథుడు లేనివాడు. నాథుడనగా రక్షించువాడేకాని, కన్నవాడని యర్థము కాదు. కావున తల్లిదండ్రులు గతించినంతమాత్రమున నెవడును అనాథుడు కాడు. రక్షించువారు లేనినాడే యనాథుడగును. తల్లి బ్రతికియుండియు రక్షింపజాలనినాడు ఆ బిడ్డయు అనాథయే.

మహాభారతమున ఆదిపర్వమునందు శకుంతలోపాఖ్యానము మీరందఱెఱిగినదే. మేనక విడిచిపోగా పక్షులు కాచుచుండిన పసికందును కణ్వమహర్షి యాశ్రమమునకు తెచ్చి పెంచెను. తానామెకు తండ్రియెట్లయ్యెనో చెప్పవలసివచ్చినపుడు, దేహము నిచ్చినవాడు, ప్రాణము కాపాడినవాడు, అన్నము పెట్టినవాడు, ఈ మువ్వురును తండ్రులేయని యాయన ధర్మమును స్మరించెను. కాళిదాసు రఘువంశమున దిలీపుని వర్ణించుచు, ప్రజలకు వినయము గఱపి, రక్షించి, భరించుటచే నాతడే తండ్రియనియు, కన్నవారు జన్మకు మాత్రమే కారణమనియు చెప్పెను. ఈ సంచికలో చందాలిచ్చిన పెద్దల పేరులు 'పోషకులు' అను శీర్షిక క్రింద అచ్చగుచున్నవి. ఆ మాట యెంత పెద్దదో యొకసారి తలచికొనుడు. అది తండ్రికి పర్యాయపదము.

మన పెద్దలకీ ధర్మము గ్రంథములయందేకాక వంటయిండ్లయందును తెలిసియుండెను. వారాలు చెప్పుకొని చదువుకొనుట యను నాచారమును మీలో వయసు మీఱినవారు వినియుందురు. పేదవిద్యార్థి యూరిలో నేడిండ్లను కుదుర్చుకొని, ఆదివారమొకయింట, సోమవారమొకయింట, ఇట్లు వారమంతయు భోజనము చేసి చదువుకొనెడివాడు. ఏ యింటికిని భారము లేదు; బిడ్డకు పస్తు లేదు. మంచి యిండ్లలో ఆ యింటి పిల్లల పంక్తినే యతనికిని విస్తరి పడెడిది. ఆ యాచారమున దోషములు లేకపోలేదు. కులము తెలిసిన మగపిల్లలకే వారములు దొరకెడివి. ఆడుబిడ్డకును, అంటరానివాడని దూరముగ నుంచబడిన బిడ్డకును ఏ యింటను విస్తరి పడలేదు. కొన్ని యిండ్లలో చల్లారిన యన్నముతోపాటు వేడిమాటయు వడ్డింపబడెడిది. అయినను, ఒకరు మోయలేని భారమును ఏడుగురు సులువుగ మోయుదురను యుక్తి ఆ యాచారమున గలదు. దానిని మఱల చెప్పెదను.

ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులుగారి బాల్యమును చూడుడు. 1872వ సంవత్సరమున జన్మించిన యాయనకు పదునొకండవయేటనే తండ్రి గతించెను. తల్లి సుబ్బమ్మగారు ఒంగోలున భోజనశాల నడిపి బిడ్డలను పెంచిరి. ఆ బాలుని బుద్ధిని కనిపెట్టి, చేరదీసి, తనతో రాజమహేంద్రవరమునకు తోడ్కొనిపోయి చదివించినవారు ఆయన గురువగు ఇమ్మనేని హనుమంతరావునాయుడుగారు. గురుశిష్యుల కులములు వేఱు. ఆ బాలుడు 1953లో ఆంధ్రరాష్ట్రమునకు ప్రథమ ముఖ్యమంత్రి యయ్యెను. ముఖ్యమంత్రి యయ్యెను గనుక పోషణము సార్థకమైనదని నేననను. ఆ గురువునకు భవిష్యత్తు తెలియదు. ఎదుట నున్న బిడ్డ మాత్రమే తెలియును. ఆ బాలుడు సామాన్య గుమాస్తాయై జీవితము గడపియున్నను ఆ గురువుగారి కర్మ యంతియే గొప్పది.

తరువాతికాలమున కులసంఘములు వసతిగృహములు స్థాపించినవి. హైదరాబాదున 1918లో వెలసిన రెడ్డి హాస్టలు వంటివి పల్లెటూళ్ల బాలురకు పట్టణమున నిలువ నీడనిచ్చినవి. వాటి మేలు మనమందఱ మెఱిగినదే. కాని యా వసతిగృహములకు వచ్చువాడు తన యూరిలో నిల్లును, తనవారును గలవాడు. సదనపు బిడ్డకు సెలవులలో పోవుటకు ఊరు లేదు.

నేడు బాలసదనములలో నున్నవారెవరు? తల్లిదండ్రు లిరువురును గతించినవారే యని మనమనుకొందుము. అది పొరపాటు. తండ్రి గతింపగా కూలికిపోవు తల్లి చూచుకొనజాలక చేర్చినవారు గలరు. తల్లిదండ్రులలో నొకరు వ్యాధిచే మంచము పట్టగా వచ్చినవారు గలరు. ఇంట దెబ్బలకోర్వక రైలెక్కి విజయవాడ, సికింద్రాబాదు వంటి పెద్ద జంక్షనులలో దిగినవారు గలరు. బాల్యవివాహమునుండియు, చాకిరినుండియు విడిపింపబడినవారు గలరు. వీరిలో ననేకులకు తల్లి గలదు. ఆమెకు బియ్యము లేదు, లేదా యింటి యద్దె లేదు, లేదా పనికిపోవునపుడు బిడ్డను చూచువారు లేరు.

ఇందువలననే 2015వ సంవత్సరపు బాలన్యాయచట్టము బిడ్డకు కుటుంబమే మొదటి నెలవనియు, సదనము చిట్టచివరి యుపాయమనియు నిర్ణయించినది. ఈ చట్టము 2016 జనవరి 15 నుండి అమలునకు వచ్చినది. దాని 45వ విభాగము పోషణసహాయమునుగూర్చి చెప్పును. ఒక వ్యక్తి యొక బిడ్డకు చేయునది, కొందఱు కూడి చేయునది, సమాజము చేయునది, అని దానిలో భేదములు గలవు. తల్లి వితంతువైనను, భర్తచే విడువబడినదైనను, తల్లిదండ్రులు ప్రాణాంతకవ్యాధి పాలైనను, ప్రమాదమున నశక్తులైనను, తల్లిదండ్రులు లేని బిడ్డను బంధువులు పెంచుచున్నను ఈ సహాయము చేయవచ్చును. సదనములలోని బిడ్డల వైద్యము, ఆహారము, విద్య మొదలగువానికిని చేయవచ్చును. 2022వ సంవత్సరపు మిషన్ వాత్సల్య నిబంధనలలో బిడ్డకు నెలకు 4,000 రూపాయలు నిర్ణయింపబడినవి. ఆ నిబంధనల ప్రకారము ప్రభుత్వ సహాయమునకు కుటుంబాదాయము సంవత్సరమునకు పల్లెలలో 72,000, పట్టణములలో 96,000 రూపాయలు మించరాదు. ప్రభుత్వము చేయునదియేకాక వ్యక్తులును సంస్థలును ముందునకు వచ్చి చేయుటకును అందు మార్గము కలదు.

దీనినుండి మనము గ్రహింపవలసిన దొకటి కలదు. మన డబ్బు బిడ్డను సదనమున నిలుపుటకు కాదు. వీలైనపుడు తల్లియొద్దకు చేర్చుటకు. మన పోషణలో నున్న బిడ్డ యొకనాడు సదనము విడిచి తల్లి యింటికి పోయినచో, 'ఇక మన పని తీఱినది' యని చేయి వెనుకకు తీయువారు గలరు. ఆ దినముననే డబ్బు బిడ్డ వెంట పోవలెను. లేనిచో నాఱుమాసములు తిరుగకమునుపే ఆ తల్లి మఱల బిడ్డను తెచ్చి సదనపు గుమ్మమున నిలుపును. రెండవసారి విడువబడిన బిడ్డ ముఖమును నేను తరగతిలో చూచితిని. వర్ణింపజాలను.

ఇపుడు మనలో మనము మాటలాడుకొనవలసిన మాట. ఈ విషయము నేను మన సభ్యులలో కొందఱతో ప్రస్తావింపగా, 'సదనమున మన కులపు బిడ్డలెవరైన నున్నచో చెప్పుడు. తప్పక పోషింతుము' అనిరి. వారి యౌదార్యమును నేను శంకింపను. కాని రైలుపెట్టెలో దొరకిన మూడేండ్ల పసివాని కులమెవరు చెప్పగలరు? ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రముల వెనుకబడిన తరగతుల పట్టికలలో 'ఏ' గ్రూపునందు అనేకకులముల పేరుల నడుమ అనాథలును చేర్చబడియున్నారు. పదియేండ్లు నిండకమునుపే తల్లిదండ్రులను కోల్పోయి, గుర్తింపుగల సదనములలోనో పాఠశాలలలోనో చేరిన దిక్కులేని బిడ్డలని దాని భావము. కులముల పట్టికలో కులము లేనివారికిని ఒక పంక్తి చూపవలసివచ్చినది! తక్కిన పంక్తులవారికి ఏదో యొక సంఘముండును, వార్షికసభ యుండును, సంచిక యుండును. ఈ యొక్క పంక్తివారికి మాత్రము సంఘము లేదు, సభ లేదు, పెండ్లినాడు పీటలయొద్ద నిలుచు పెద్దలు లేరు.

ఛాందోగ్యోపనిషత్తునందు సత్యకాముడు చదువుకొనగోరి, తల్లి జబాలను గోత్రమేదని యడిగెను. ఆమె, నాకు తెలియదు నాయనా, నీవు జాబాలుడవని చెప్పుకొనుమనెను. ఆ బాలుడు గౌతమునియెదుట నదే చెప్పెను. గౌతముడు వానిని వెడలగొట్టలేదు. సత్యమునుండి తొలగలేదని మెచ్చి శిష్యునిగా గైకొనెను. గోత్రము తెలియదన్న బిడ్డకు పాఠము చెప్పిన గురువును మన ఋషులు స్మరించుచుండగా, మనము బిడ్డనుగూర్చి మొదట కులమడుగుట యెట్లు తగును?

కులసంఘమనగా నేమి? పదిమంది యొకరికొకరు పూచీపడు నలవాటు. నా మనుమనికి కళాశాలలో చోటు కావలసిన మీలో నొకరు జాబు వ్రాయుదురు. నేను వ్యాధితో పడియున్న మీలో నొకరు వైద్యుని పిలుతురు. తరములుగా మనము గడించిన గొప్ప ఆస్తి యిదియే. పూచీపడువారు లేని బిడ్డకు ఆ యాస్తిలో నేడవవంతుకైనను పాలు పెట్టినచో మనకు తరుగునది లేదు.

ఇక నా తప్పు చెప్పెదను.

సుమారు ఇరువదియైదేండ్ల క్రిందట నేను పనిచేయుచుండిన యూరిలో నొక బాలసదనముండెను. అందలి బాలుడొకడు నా పాఠశాలలో ఎనిమిదవ తరగతి చదువుచుండెను. శబ్దములు వల్లెవేయుటలో దిట్ట. రామశబ్దము నొక్కదినములో నప్పగించెను. వాని ఫీజులును, పుస్తకములును, ఏటికి రెండు జతల బట్టలును నేను భరింపసాగితిని. వేసవిసెలవులలో స్వగ్రామమునుండి కార్డు వ్రాసెడివాడను. వాడు గుండ్రని యక్షరములతో బదులు వ్రాసెడివాడు. వాడు పదవ తరగతి మొదటి శ్రేణిలో నుత్తీర్ణుడయ్యెను.

ఆ సంవత్సర మొక సభలో పెద్దలు నన్ను సన్మానింపదలచి, ఆ బాలునిగూడ వేదికకు తీసికొనిరమ్మనిరి. నేనంగీకరించితిని. అంతియేకాదు. వాడు చదువవలసిన కృతజ్ఞతావాక్యములను నేనే వ్రాసియిచ్చితిని. దిక్కులేని నాకు దిక్కయిన మహానుభావులని నన్నుగూర్చి నేనే వ్రాసి, పదునైదేండ్ల బిడ్డచేత వాని సహాధ్యాయుల యెదుట చదివించితిని. తరగతి మారుమ్రోగునట్లు శబ్దములు చెప్పెడి వాని గొంతు ఆనాడు మొదటి వరుసకైనను వినబడలేదు. వాడు తలయెత్తక చదివి దిగిపోయెను. సభ చప్పట్లు కొట్టెను. నేను సంతోషించితిని.

ఆ తరువాత వాడు నాకెదురుపడుట మానెను. ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరమున గణితము తప్పెను. నేను పిలిపించి, 'నీకొఱకింత వ్యయము చేసితినే!' యంటిని. వాడు బదులు చెప్పలేదు. ఆ మౌనమును పొగరని నేను తలచితిని. డబ్బు పంపుట మానితిని. కార్డు వ్రాయుటయు మానితిని. పదునెనిమిదేండ్లు నిండగనే వాడు సదనము విడిచి యెటకో పోయెనని వింటిని.

పెక్కేండ్ల తరువాత నొక బస్సుస్టాండులో నొక యువకుడు వచ్చి నా పాదములంటెను. వాడే. విద్యుత్తు పని నేర్చి జీవించుచుండెను. చేతిలో చిన్నబిడ్డ కలదు. నేను క్షమాపణవంటి దేదో గొణిగితిని. వాడన్న మాట నాకు నేటికిని చెవిలో నున్నది. 'డబ్బు ఆపారని నేనేమీ అనుకోలేదు మాస్టారూ. పని చేసుకుని కట్టుకునేవాణ్ణి. కార్డు కూడా రాకపోయేసరికి, లెక్కల్లో తప్పినందుకు నన్ను వదిలేశారనుకున్నాను.' నా బస్సు వచ్చినది. నేనెక్కితిని. ఆ మాటకు బదులు నాకడ నానాడును లేదు, నేడును లేదు.

సోదరులారా! ఈ యనుభవమువలన నేర్చినవియు, తరువాత చట్టము చదివి తెలిసికొన్నవియు గలిపి కొన్ని మాటలు మనవి చేసెదను.

బిడ్డను ప్రదర్శింపరాదు. సదనమునందలి బిడ్డ పేరును, పాఠశాలను, ఛాయాచిత్రమును పత్రికలయందుగాని ప్రచారసాధనములయందుగాని ప్రకటించుటను బాలన్యాయచట్టము 74వ విభాగము నిషేధించుచున్నది. ఆఱు మాసముల కారాగారముగాని, రెండు లక్షల రూపాయల వఱకు జుల్మానాగాని, రెండునుగాని విధింపవచ్చును. చట్టము లేకున్నను మనకు తెలియవలసిన మర్యాద యిది. మన సంచికలో పోషకుల ఛాయాచిత్రములు వేసికొందము. పోషితుని చిత్రము వలదు.

కృతజ్ఞతను వడ్డీవలె వసూలు చేయరాదు. కర్ణునకు మేలు చేసినవారిని చూడుడు. దుర్యోధనుడు నిండుసభలో, పదుగురు చూచుచుండగా అంగరాజ్యమిచ్చెను. ఆ ఋణము కర్ణుని కురుక్షేత్రమున ప్రాణమిచ్చువఱకు కట్టివేసెను. రాధ నదిలో కొట్టుకొనివచ్చిన పసివానికి పాలిచ్చెను, ఏమియు నడుగలేదు. కృష్ణుడు జన్మరహస్యము చెప్పి రాజ్యము చూపినపుడు కర్ణుడు మొదట తలచినది రాధ స్తన్యమును, అధిరథుని వాత్సల్యమునే. మనము దుర్యోధనులమై యీయరాదు; రాధవలె నీయవలెను.

ఒక్కనాటి విందు పోషణము కాదు. పుట్టినదినమునాడు సదనమున భోజనము పెట్టించు సజ్జనులకు నమస్కారము. కాని పండుగలనాడు మూడు చోట్లనుండి లడ్డూలు వచ్చి, పరీక్షఫీజునాడు మూడు రూపాయలు రాని సదనములను నేనెఱుగుదును. బిడ్డ యాకలి మన పుట్టినదినములను చూచి వేయదు. మఱియొకటి. బిడ్డ తప్పినపుడు, ఎదురు మాటలాడినపుడు విడువరాదు. మన కన్నకొడుకు గణితము తప్పినచో ట్యూషను పెట్టింతుమేకాని అన్నము మానిపింపము గదా!

పదునెనిమిదవయేట విడువరాదు. ఆ వయసు నిండగనే బిడ్డ సదనము విడువవలెను. మన పిల్లలు ఆ వయసున అమ్మ పెట్టిన డబ్బాతో కళాశాలకు పోవుచుందురు. అట్టివారికి 21 సంవత్సరముల వఱకును, విశేషపరిస్థితులలో మఱి రెండేండ్లును అనంతరసంరక్షణము చేయవచ్చునని నిబంధనలు చెప్పుచున్నవి. నిజమైన పోషకుని యక్కఱ అపుడే యెక్కువ. అద్దెయింటికి పూచీ యెవరు? ఉద్యోగపు దరఖాస్తుపై చిరునామా యేది? జ్వరము వచ్చిన ఫోను చేయుట కెవరు గలరు? నా విద్యార్థి కానాడెవరును లేరు. నేనుండియు లేనివాడనైతిని.

ఇక మన సంఘము చేయదగినది. నేనిందాక వారాల మాట చెప్పితిని. దానిని సంస్కరించి మఱల నిలుపుదము. ఏడు కుటుంబములు కలిసి యొక బిడ్డ. నిబంధనలలోని 4,000 రూపాయలనే ప్రమాణముగ గైకొన్న సంవత్సరమునకు 48,000; ఏడిండ్లకు పంచిన నింటికి నెలకు ఆఱువందలకు లోపు. పదవయేటినుండి యిరువదియొకటవయేటి వఱకు పదునొకండు సంవత్సరములకు మొత్తము 5,28,000 రూపాయలు. కల్యాణమండపమున నొక్క రాత్రి పుష్పాలంకారమున కెంతయగునో నేను లెక్కవేయను. వేసినవారు మీలోనే గలరు.

ఏడిండ్లలో నొకయిల్లు కష్టమున పడి తప్పుకొన్నచో ఆ వాటా సంఘనిధినుండి భర్తీ కావలెను. అందుకై ప్రతి బిడ్డకును ఒక సంవత్సరపు మొత్తము ముందుగనే బ్యాంకులో నుంచవలెను. డబ్బు నేరుగ బిడ్డ చేతికిని, నిర్వాహకుని జేబునకును పోరాదు. జిల్లా బాలల సంరక్షణ విభాగము ద్వారమునను, బాలల సంక్షేమ సమితి యనుమతితోను నడవవలెను. సదనము చట్టప్రకారము నమోదైనదో కాదో మొదట విచారింపవలెను. పోషణము దత్తత కాదు. బిడ్డను సెలవులకైనను మన యిష్టానుసారము ఇంటికి తీసికొనిపోరాదు. ఏడిండ్లలో నొకరు, ఎల్లప్పుడు నొకరే, నెలకొక యుత్తరము వ్రాయవలెను. ఆ యుత్తరమున హితబోధ వలదు. 'మా పెరటిలో జామ కాచినది. నీకు జలుబు తగ్గినదా?' అని వ్రాసిన చాలును. తప్పిన మాసమున తప్పక వ్రాయవలెను.

మన సంఘమున నేడు వందలకుటుంబములు గలవు. నేను నూఱుమంది బిడ్డల నడుగుట లేదు. ఈ సంవత్సరమునకు ముగ్గురు బిడ్డలు; ఇరువదియొక్క యిండ్లు. మొదటి యిల్లు నాది. నా పింఛనులోనుండి నా వంతు సంవత్సరపు మొత్తమును కోశాధికారిగారికి నిప్పుడే యప్పగించుచున్నాను. ఉత్తరము వ్రాయు పని కూడ నాకే యిండని ప్రార్థన. ఆ పనిలో నాకొక పాత బాకీ కలదు.

మిగిలిన యిరువది పేరులకొఱకు కాగితమొకటి ద్వారమునొద్ద బల్లపై నున్నది. అందు కులమునకు గడి లేదు. బిడ్డ పేరునకును గడి లేదు. మీ పేరునకును, వారమునకును మాత్రమే కలవు. ఆదివారము నేను వ్రాసికొంటిని. తక్కిన వారములు మీవి.



స్వస్తి.